ఫెర్టిలిటీ తగ్గిందంటే ఏం తగ్గినట్టు?

ఆంధ్రప్రదేశ్‌లో ఫెర్టిలిటీ రేటు 1.7కి దిగిపోయిందని పేపర్లో వార్త వస్తుంది. ఆ పక్క పేజీలోనే పసిబిడ్డ ఫొటోతో ఏదో ఫెర్టిలిటీ సెంటర్ ప్రకటన ఉంటుంది. రెండూ వరసగా చదివిన మనిషికి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? మన జనానికి పిల్లల్ని కనే శక్తే పోతోందా అని. తిరుపతిలో ఏ టీ అంగడి దగ్గరైనా ఈ మాట ఎత్తి చూడండి, జవాబు రెడీగా ఉంటుంది: "అంతా మందుల తిండి సామీ, అందుకే ఊరినిండా ఈ సెంటర్లు." తిండి సంగతి ఎలా ఉన్నా, ఆ 1.7కీ ఆ సెంటర్ బోర్డుకీ సంబంధం చాలా తక్కువ. జనాభా లెక్కలవాళ్లు ఫెర్టిలిటీ అంటే పుట్టిన పిల్లల లెక్క. డాక్టర్ ఫెర్టిలిటీ అంటే గర్భం ధరించగల, ధరింపజేయగల శక్తి. ఫెర్టిలైజర్ షాపులో కూచున్న రైతుకి మళ్లీ అది వేరే సంగతి, నేల సత్తువ.

ఫలితాన్నీ శక్తినీ ఒకే పేరుతో పిలవడం దగ్గరే చిక్కంతా ఉంది. జనాభా శాస్త్రవేత్తలకు ఇది తెలియక కాదు. పుట్టిన లెక్కను ఫెర్టిలిటీ అని, శక్తిని ఫెకండిటీ అని వాళ్లు విడదీసుకున్నారు. ఫ్రెంచివాళ్లేమో సరిగ్గా తలకిందులుగా, శక్తికి ఫెర్టిలిటే, పుట్టిన లెక్కకు ఫెకోండిటే అంటారు. పండితులే అలా ఉంటే వార్త రాసేవాళ్లనీ చదివేవాళ్లనీ తప్పుపట్టి లాభం లేదు.

ఆ 1.7 ఎక్కడి నుంచి వచ్చింది

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేవాళ్లు ఇంటింటికీ వెళ్లి, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను సర్వేకి ముందటి మూడేళ్లలో ఎన్ని కాన్పులయ్యాయో అడుగుతారు. వయసుల వారీగా రేట్లు తీసి, అన్నీ కూడుతారు. ఒక స్త్రీ తన జీవితమంతా సరిగ్గా ఈ రేట్ల మధ్యనే గడిపితే సగటున ఎంతమందిని కంటుందన్నది ఆ కూడికలో వస్తుంది. అలాంటి స్త్రీ ఎక్కడా ఉండదు, ఆమె ఊహ. 1992-93లో జరిగిన మొదటి విడతలో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రానికి వచ్చింది 2.6. 2019-21 నాటి అయిదో విడతలో 1.7. ఆ ఏడాదుల్లోనే దేశం మొత్తం 3.4 నుంచి 2.0కి వచ్చింది. బీహార్ మాత్రం ఇంకా 3 దగ్గర ఉంది.

ఇప్పుడు అదే అయిదో విడత సర్వేలో ఇంకో అంకె చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో, ఆ 15-49 వయసుల్లోనే, దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. మగవాళ్ల ఆపరేషన్ ఒక శాతం కూడా లేదు. ఈ ఒక్క అంకె పక్కన పెట్టి చూస్తే 1.7లో మిస్టరీ ఏమీ మిగలదు. చిత్తూరు పక్క పల్లెల్లో ఏ ఇంట్లో అడిగినా వినబడే కథే ఇది: ఇరవైకి అటూ ఇటుగా పెళ్లి, పాతిక దాటకముందే ఇద్దరు పిల్లలు, రెండో కాన్పుతో పాటే ఆపరేషన్. "ఇద్దరయినారు, ఆపరేషన్ కూడా అయిపోయింది" అని అత్తగారు ఒక బాధ్యత తీరిపోయినట్టు చెబుతుంది. ఇంకా ఇరవయ్యేళ్ల పాటు బిడ్డల్ని కనగలిగిన మనిషి ఆమె. డాక్టరు లెక్కలో ఆమెకు ఏ లోపమూ లేదు. జనాభా లెక్కలో ఆమె ఫెర్టిలిటీ రెండు దగ్గర ఆగిపోయింది. ఆ నిర్ణయం ఆమెదా, ఇంట్లోవాళ్లదా, టార్గెట్లు పెట్టుకున్న ఆరోగ్యశాఖదా అన్నది విడిగా మాట్లాడుకోవాల్సిన విషయం. అది నిర్ణయమేగానీ రోగం కాదు.

దీన్ని తిరగేసిన ఉదాహరణ ఆఫ్రికాలో దొరుకుతుంది. మధ్య ఆఫ్రికాలో కొన్ని ప్రాంతాల్లో సగటున ఒక్కో స్త్రీకి అయిదారుగురు పిల్లలుంటారు. అక్కడే, చికిత్స అందని లైంగిక వ్యాధుల వల్ల గర్భనాళాలు మూసుకుపోయి సంతానం లేక బాధపడే ఆడవాళ్లూ ఎక్కువ. రేటు ఎక్కువగా ఉన్నంత మాత్రాన శక్తి బాగున్నట్టు కాదు.

2.1 అనే అంకె కూడా తరచూ వినిపిస్తుంది. ఒక తరం తన స్థానంలో అంతే తరాన్ని నిలబెట్టాలంటే కావలసిన సగటు అది. ఇద్దరి స్థానంలో ఇద్దరు చాలు కదా, పైన ఆ 0.1 ఎందుకంటే, పుట్టేవాళ్లలో ఆడపిల్లల కన్నా మగపిల్లలు కాస్త ఎక్కువ, తల్లి అయ్యే వయసు వచ్చేలోపు కొందరు చనిపోతారు. రేటు 2.1 కిందికి దిగిన మరుసటి ఏడాది నుంచే జనం తగ్గిపోరు. ఇదివరకు ఎక్కువగా పుట్టినవాళ్లు ఇప్పుడు కనే వయసులో ఉన్నారు కాబట్టి జనాభా కొన్ని దశాబ్దాల పాటు పెరుగుతూనే పోతుంది. ఇంకో మెలిక ఉంది. బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేసే అమ్మాయి 23లో కనాల్సిన బిడ్డను 29లో కంటే, ఆమెకు చివరికి ఉండే పిల్లల సంఖ్య మారదు. అయినా అందరూ అలా వాయిదా వేసే ఏళ్లలో రేటు నిజంగా ఉన్నదాని కన్నా ఇంకా కింద కనబడుతుంది.

ఈ అంకె మీద రాజకీయం ఎందుకంత వేడిగా ఉందంటే, దాని వెంట సీట్లూ నిధులూ ఉన్నాయి. లోక్‌సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లన్నది 1971 జనాభా లెక్కల మీద పంచి, జనాభా తగ్గించుకున్నవాళ్లు నష్టపోకూడదని అక్కడే ఆపి ఉంచారు. కేంద్ర పన్నుల వాటా పంచేటప్పుడు 15వ ఆర్థిక సంఘం రేటు తగ్గించుకున్న రాష్ట్రాలకు 12.5 శాతం వెయిటేజీ ఇచ్చింది. అంటే ఒక చోట తక్కువమందిని కన్నందుకు బహుమతి, ఇంకో చోట, ఆ ఆపు ఎత్తేస్తే, తక్కువమందిని కన్నందుకే సీటు పోతుందన్న టెన్షన్. మన రాష్ట్రంలో ఇద్దరి కన్నా ఎక్కువ పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదని 1994 పంచాయతీరాజ్ చట్టం చెప్పింది. 2024 నవంబరులో శాసనసభ ఆ నిబంధన తీసేసింది. చంద్రగిరి మండలం నారావారిపల్లెలో పుట్టిన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, ఎక్కువమందిని కనండని బహిరంగంగానే అంటున్నారు. వార్డు మెంబరు సీటు కోసం మూడో బిడ్డను ఆపుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారో నాకు సందేహమే. ఫీజులు, అద్దె, బిడ్డను చూసుకునే మనిషి లేకపోవడం, ఇవే ఆపుతాయి. పిల్లల్ని వద్దనుకున్న జంటతో మాట్లాడాల్సిన విషయాలివి. బిడ్డ కావాలని తపిస్తూ పుట్టక తిరుగుతున్న జంటకు ఈ మాటలు పనికిరావు, వాళ్లకు కావలసింది వైద్యం. "ఫెర్టిలిటీ తగ్గింది" అని ఒకే మాటలో ఇద్దరినీ కలిపేస్తే, ఇద్దరికీ అక్కర్లేని సలహాలే అందుతాయి.

నేలకూ మనిషికీ ముడి

పొలంలో ఈ గందరగోళం తక్కువ. భూసారం అంటే నేలకున్న శక్తి, దిగుబడి అంటే చేతికొచ్చిన పంట. రెండింటికీ విడివిడి మాటలున్నాయి, ఏ రైతూ ఒకదాన్ని ఇంకోటనుకోడు. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్ దగ్గర్నుంచి జింక్, బోరాన్, సేంద్రియ కర్బనం దాకా. కార్డంతా బాగున్నా వాన రాకపోతే, బోరు ఎండితే గింజ రాదు.

మన ఎర్రనేలల్లో చెనక్కాయ వేసినవాళ్లకు ఇంకో అనుభవం ఉంటుంది. చెట్టు పచ్చగా ఏపుగా పెరుగుతుంది, పూల నుంచి ఊడలు మట్టిలోకి బాగా దిగుతాయి, తీరా పీకి ఒలిస్తే చాలా కాయల్లో గింజ ఉండదు. తరచూ దీని వెనక ఉండేది కాల్షియం లోటు. చెనక్కాయ ఊడ మట్టిలోకి దిగాక, కాయ తనకు కావలసిన కాల్షియాన్ని తల్లి వేళ్ల ద్వారా కాకుండా, పొట్టు గుండా చుట్టూ ఉన్న మట్టి నుంచే పీల్చుకుంటుంది. అందుకే పూత మీద ఉండగా ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయమంటారు. యూరియా సంచులు పోస్తే ఈ లోటు తీరదు. నేల మంచిదా చెడ్డదా అని అడిగితే ఇక్కడ జవాబు రాదు, ఏది తక్కువైందని అడగాలి.

మనిషి దగ్గరికి వచ్చేసరికి ఇంత వివరంగా ఎవరూ అడగరు. స్త్రీ క్షేత్రం, పురుషుడు బీజం అని ధర్మశాస్త్రాల కాలం నుంచీ ఉన్న మాట. బిడ్డ పుడితే "కడుపు పండింది" అంటాం, పుట్టకపోతే గొడ్రాలు అని ఆమెకే పేరు పెడతాం. ఆయనకు పెట్టడానికి ఊళ్లో అంత వాడుకలో ఉన్న మాటే లేదు. విత్తు మంచిదే, నేలలోనే ఏదో ఉందన్న తీర్పు ఆ పోలికలోనే ఇమిడి ఉంది. వ్యవసాయం తెలిసినవాళ్లు కాస్త ఆలోచిస్తే ఆ పోలిక నిలబడదు. విత్తనంలో అప్పటికే తల్లి చెట్టు పాలు, తండ్రి చెట్టు పాలు రెండూ కలిసి ఉంటాయి. అది ఫలదీకరణ అయిపోయాక వచ్చిన పిండం. మగవాడి వీర్యకణానికి సాటి వచ్చేది విత్తనం కాదు, పుప్పొడి. పాపం పాతకాలం వాళ్లను అనడానికీ లేదు. వీర్యకణాన్ని సూక్ష్మదర్శినిలో మొదట చూసింది 1677లో, క్షీరదాల అండాన్ని చూసింది 1827లో. నూటయాభై ఏళ్ల పాటు సగం సాక్ష్యంతోనే శాస్త్రవేత్తలు కూడా వాదించుకున్నారు.

పాడి దగ్గర మాత్రం మనవాళ్లు ఈ విషయంలో చాలా శాస్త్రీయం. చిత్తూరు జిల్లాలో పాల మీద బతికే ఇల్లు లేని పల్లె అరుదు. ఆవు పొద్దున ఎదకొస్తే సాయంత్రానికి సూది వేయించాలని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఊళ్లో ఆ సూది వేసే గోపాలమిత్ర తెచ్చే సన్నటి గొట్టం, స్ట్రాలోకి వీర్యం ఎక్కే ముందు ఆంబోతుకు రోగాల పరీక్షలు, తర్వాత సూక్ష్మదర్శిని కింద కణాల లెక్క, గడ్డకట్టించి మళ్లీ కరిగించి చూసినప్పుడు కనీసం సగం కణాలు కదులుతున్నాయా అన్న చూపు, అన్నీ అయ్యాకే అది బయటికొస్తుంది. ఇన్నీ దాటినా ఆవు చూడి కట్టకపోతే, అప్పుడు ఆవును చూస్తారు. ఇంట్లో వరస తిరగబడుతుంది. కోడలికి స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ, ఊరి రావిచెట్టు కింద నాగప్రతిష్ఠ, అన్నీ అయ్యాక చివర్లో ఎవరో ధైర్యం చేసి "అబ్బాయికి కూడా ఒకసారి చూపిస్తే..." అంటారు. పూజల మీద నాకు పేచీ లేదు. ఆ చివరి పరీక్ష మొదటిదై ఉంటే ఎన్నో సంవత్సరాలు, ఎంతో డబ్బు మిగిలేవి. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాళ్ల వైపు కారణం పూర్తిగానో పాక్షికంగానో ఉంటుంది. అన్నిటికన్నా చవకైన పరీక్ష కూడా అదే.

డాక్టరు గదిలో

"ఏమైనా విశేషమా?" అని పెళ్లయిన మూడో నెల నుంచే అడిగే ఊరు మనది. వైద్యం అంత తొందరపడదు. గర్భనిరోధకాలేవీ వాడకుండా 12 నెలలు కలిసి కాపురం చేసినా గర్భం రాకపోతేనే సంతానలేమి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం. ఆ ఏడాది ఎందుకంటే, ఏ లోపమూ లేని పాతికేళ్ల జంటకైనా ఒక నెలలో గర్భం నిలిచే అవకాశం 20, 25 శాతానికి మించదు. నెలనెలా అలా పోగై ఏడాది తిరిగేసరికి నూటికి 85 మందికి నిలుస్తుంది. ఆమెకు 35 దాటి ఉంటే ఏడాది ఆగకుండా ఆరు నెలలకే వెళ్లాలి. నెలసరి సరిగా రానివాళ్లు, ఇంతకుముందు టీబీ వచ్చినవాళ్లు అంతకన్నా ముందే వెళ్లడం మంచిది, మన దేశంలో గర్భనాళాలు మూసుకుపోవడానికి టీబీ పెద్ద కారణం. ఇంకొకటి, భర్త కువైట్‌లో ఉండి ఏడాదికి నెలన్నర సెలవు మీద వచ్చిపోతుంటే, పెళ్లయి నాలుగేళ్లయినా ఆ లెక్కలో ఏడాది కూడా పూర్తికానట్టే. ఈ మాట అత్తగారికి డాక్టరే చెబితే బాగుంటుంది.

2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అంచనా ప్రకారం, పెద్దవాళ్లలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీన్ని ఎదుర్కొంటారు. సెంటర్లు పెరగడానికి ఇంత పెద్ద సంఖ్య చాలు, శక్తి కొత్తగా కూలిపోయిందని అనుకోనక్కర్లేదు. ఒకప్పుడు ఈ బాధ ఇంట్లోనే ఉండిపోయేది. ఇప్పుడు బయటికొచ్చి వైద్యం అడుగుతోంది. మొదటి కాన్పు ముప్పై దాటాక అనుకునేవాళ్లు పెరగడం కూడా ఒక కారణమే.

రిపోర్టులు చేతికొచ్చాక అసలు కంగారు మొదలవుతుంది. వీర్య పరీక్షలో 2021 నాటి ప్రమాణం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, అందులో 42 శాతం కదలాలి. చాలామంది దీన్ని పాస్ మార్కు అనుకుంటారు. ఏడాదిలోపే తండ్రులైన మగవాళ్లందరినీ వరసలో నిలబెడితే కింది నుంచి అయిదు శాతం దగ్గర ఉన్న అంకె అది. అంటే అంతకన్నా తక్కువున్న తండ్రులూ ఉన్నారు, ఎక్కువుండీ కానివాళ్లూ ఉన్నారు. ఒక కణం తయారై పక్వానికి రావడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, మొన్నటి డెంగీ జ్వరం ఇవాళ్టి రిపోర్టులో కనబడొచ్చు. ఒక్క రిపోర్టు చూసి కుంగిపోకుండా కొన్ని వారాలాగి మళ్లీ చేయించాలి.

ఆడవాళ్లకు ఇలాంటి కంగారు పెట్టేది ఏఎంహెచ్ అనే హార్మోన్ రక్తపరీక్ష. ఆడపిల్ల పుట్టేటప్పుడే ఆమె అండాశయాల్లో పది, ఇరవై లక్షల అండాలుంటాయి, పెద్దమనిషి అయ్యేసరికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి, తర్వాత తరుగుతూ పోతాయి. మిగిలిన నిల్వ ఎంతో ఏఎంహెచ్ ఉజ్జాయింపుగా చెబుతుంది. ఐవీఎఫ్ (అండాన్నీ వీర్యకణాన్నీ శరీరం బయట కలిపి, పిండాన్ని గర్భసంచిలో పెట్టే చికిత్స) చేసేటప్పుడు మందులకు ఎన్ని అండాలు రావచ్చో అంచనా వేయడానికి పనికొస్తుంది. కానీ నెలకు విడుదలయ్యేది ఒక్క అండమే. సంతానలేమి చరిత్ర లేని 30 దాటిన ఆడవాళ్ల మీద 2017లో వచ్చిన అమెరికా అధ్యయనంలో, ఏఎంహెచ్ తక్కువున్నవాళ్లకూ మామూలుగా ఉన్నవాళ్లకూ సహజంగా గర్భం వచ్చే అవకాశంలో తేడా కనబడలేదు. పెళ్లి కాని అమ్మాయికి ప్యాకేజీలో ఏఎంహెచ్ చేసి "మీ ఫెర్టిలిటీ తక్కువ" అని చెప్పడం, నిల్వను చూపించి శక్తి పోయిందని భయపెట్టడమే.

అండానికి ఉన్నంత వయసు పట్టింపు గర్భసంచికి లేదు. 2019లో గుంటూరులో 70 దాటిన ఆవిడ కవలలను కన్నది దాత అండంతోనే. ఆ తర్వాత 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఐవీఎఫ్ లాంటి చికిత్సలు స్త్రీకి 50, పురుషుడికి 55 దాటాక చేయకూడదు. క్లినిక్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ సర్టిఫికెట్ చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇక బోర్డు మీది సక్సెస్ రేటు. ఇక్కడ కూడా ఒకే పేరుతో మూడు లెక్కలు తిరుగుతుంటాయి. పిండం పెట్టిన రెండు వారాలకు రక్తపరీక్ష పాజిటివ్ రావడం ఒకటి. స్కానింగులో గుండె చప్పుడు కనబడడం రెండోది. బిడ్డ చేతికి రావడం మూడోది. ఒక్కో మెట్టు దగ్గర కొందరు జారిపోతారు కాబట్టి మొదటి లెక్క ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది. కింద ఏ సంఖ్యతో భాగించారన్నది ఇంకో ప్రశ్న. చికిత్స మొదలుపెట్టిన అందరితోనా, పిండం పెట్టేదాకా వచ్చినవాళ్లతోనేనా? ముప్పైలోపు వాళ్లను, నలభై దాటినవాళ్లను కలిపి సగటు తీశారా? దాత అండాలతో చేసినవి కూడా అందులో కలిపేశారా? మీ వయసువాళ్లలో, మీ అండంతో, మొదలుపెట్టిన నూరుమందిలో ఎంతమంది బిడ్డతో ఇంటికి వెళ్లారని అడగండి. ఆ అంకె ఉన్న క్లినిక్ కాగితం తీసి చూపిస్తుంది.